అది మౌనం కాదు

సంపాదకులకు,

నోవర్ సంగీత జంట మళ్లీ కచేరీ యాత్రలకు రావడంపై మీరు గత సంచికలో వేసిన వ్యాసంతో విభేదిస్తున్నాను. ఈ లాస్ ఏంజెలెస్ జంట ఏళ్ల తరబడి మూగబోయిందని రాశారు. 2016లో 'లైఫ్' తర్వాత 2023లో 'నోవర్ ఫరెవర్' దాకా ఇద్దరూ కలిసి ఆల్బమ్ చేయలేదన్న మాట నిజమే. కానీ ఆ మధ్యలోనే జంటలో ఒకరైన లూయిస్ కోల్ సొంతంగా 'టైమ్' (2018), 'క్వాలిటీ ఓవర్ ఒపీనియన్' (2022) ఇచ్చారు. రెండోవారైన జెనెవీవ్ అర్టాడి 2020లో 'డిజ్జీ స్ట్రేంజ్ సమ్మర్' తెచ్చారు. ఇన్ని పాటలు వచ్చిన కాలాన్ని మౌనమని ఎలా అంటారు?

అంతకన్నా బాధపెట్టింది మరొకటి. ఎలక్ట్రానిక్ సంగీతం కాబట్టి వేదిక మీద చూసేందుకు ఏమీ ఉండదని తేల్చేశారు. 'ఓవర్‌టైమ్' పాటను బ్యాండ్‌తో వాయించిన వీడియో ఒక్కసారి చూడండి. కోల్ డ్రమ్స్, శామ్ విల్క్స్ బాస్, శామ్ జెండెల్ శాక్సొఫోన్! అంత వేగంలోనూ అర్టాడి గొంతు తొణకదు. రికార్డులో సింథసైజర్ చేసిన పనిని అక్కడ మనుషుల చేతులు చేస్తాయి. తాళం పట్టు తెలిసినవాళ్లెవరైనా ఆ డ్రమ్స్ దగ్గరే ఆగిపోతారు. మీ వ్యాసంలో వాటి గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

– ఒక డ్రమ్స్ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం