అటక మీది కాగితములు

“మీ పెద్దలు ఎక్కడినుండి వచ్చిరి?” అని హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన పిల్లలను అడిగినచో, “రాయలవారి కాలమున వచ్చినాము” అని చెప్పుదురు. ఏ యూరినుండి, ఏ కారణమున అని మరల అడిగినచో ఊరకుందురు. పిల్లల ననుట యేల? పెద్దలమైన మనకును తెలియదు.

ఈ ప్రశ్ననే పనిగా పెట్టుకొన్నవా డొకడు రెండు వందల యేండ్ల క్రిందట ఉండెను. స్కాట్లండు దేశీయుడైన కర్నల్ కాలిన్ మెకంజీ కుంఫిణీ వారి సర్వే అధికారి. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట మైసూరు సీమను కొలుచుచు, నేలతోపాటు ఆ నేలమీది జనుల పూర్వోత్తరములను గూడ సేకరించెను. ఆయనకు మన భాషలు రావు. ఆ పనిని నడపినవారు తెలుగువారైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య. కరణములను, వృద్ధులను అడిగి, ఏ కుటుంబము ఎచటినుండి వచ్చెను, ఏ చెరువు నెవరు త్రవ్వించిరి అను సంగతులను వారు వ్రాయించిరి. గ్రామములవారీగా వ్రాసిన ఆ వృత్తాంతములే కైఫీయతులు. బొర్రయ్య 1803లోను, మెకంజీ 1821లోను గతించిరి. చెడిపోవుచున్న ఆ ప్రతులకు సి. పి. బ్రౌను దొర నకళ్లు వ్రాయించెను. దక్షిణ భాషల ప్రతులు పెక్కు నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున ఉన్నవి.

ఒక్క సంగతి మరువరాదు. మెకంజీ అనంతరము ఆ కార్యమును కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, 1836లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వారు ఆయన అందుకు తగడని త్రోసివేసిరి. ఊరూర తిరిగి కూర్చినవాడే తగడట! మన చరిత్రను కూర్చుటకు ఇతరుల అనుమతి కొరకు కాచుకొనరాదని ఇందువలన తెలియుచున్నది.

మన సీమను గూర్చి వేరుగా కాగితములు లేకపోలేదు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో కృష్ణగిరితో గూడిన బారామహలు కుంఫిణీ పాలైనది. రీడ్, మన్రో దొరల కాలపు అచటి దస్తరములు 1907 మొదలుకొని మదరాసులో అచ్చుపడినవి. అందు నివాసులను గూర్చి ప్రత్యేక భాగమే కలదు. పెనుగొండను కాపాడిన జగదేవరాయలు బారామహలును బహుమానముగా పొందిన కథ 1883 నాటి సేలం జిల్లా మాన్యువల్‌లో ఉన్నది. అయితే ఇవి శిస్తు వసూలునకై వచ్చిన దొరలు తమ యక్కరకు వ్రాసికొన్నవి. ఒక రైతు, ఒక నేతగాడు, ఒక చిల్లర వర్తకుడు ఏల ఊరు విడిచెనో వానిలో అరుదుగా తెలియును. అది మన యిండ్ల అటకల మీద, భోషాణములలో ఉన్నది. విక్రయ పత్రములు, కరణముల కవిలెలు, పెండ్లి చదివింపుల పట్టికలు, అంగడి చిట్టాలు, ఇవియే మన కైఫీయతులు.

నేను తప్పు చేసినవాడనై ఈ మాట వ్రాయుచున్నాను. అంగడి మరమ్మతు చేయించిన నాడు మా తాతగారి చిట్టా ఆవర్జాలను మణుగుల లెక్కన పాతకాగితముల వానికి తూచి ఇచ్చితిని. ఏ గ్రామమువారు ఏ సంతకు వచ్చెడివారో, కరవు వచ్చినపుడు ఎవరి ఖాతా ఎందుకు ఆగిపోయెనో వానిలో ఉండెను. తూకము సరిగానే చూచుకొంటిని గాని, ఇచ్చుచున్న దేమో ఎరుగనైతిని.

“ఇవన్నియు బయటపెట్టినచో మనలను వలస వచ్చినవారని ఎత్తిపొడువరా?” అని కొందరు మిత్రులు శంకించుచున్నారు. వచ్చినమాట దాచిన దాగునా? కరవున వచ్చితిమని తేలినను, రాయలతో గాక నిన్న మొన్న వచ్చితిమని తేలినను సిగ్గుపడ నక్కరలేదు. చెరువు త్రవ్వినవాడు, పన్ను కట్టినవాడు ఆ ఊరివాడే. పొగడ్తకై కాక, నిజమునకై వెదకవలెను.

ఆలస్యము చేయరాదనుటకు వేరొక కారణము గలదు. 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రమున తమిళము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా నిర్బంధమైనది. తమిళము మనమును నేర్వవలసినదే, అందు వాదము లేదు. కాని తెలుగు చదువనేరని మనుమడు ముత్తాతగారి పత్రమును చేతబట్టుకొని ఏమి చేయును? పాత గొలుసుకట్టు వ్రాతను చదువగల వృద్ధులు నేడు ప్రతి గ్రామమున ఒకరిద్దరే మిగిలిరి.

కావున నా మనవి యిది. మూలపత్రము నెవ్వరికిని ఇయ్యవలదు, అది మీ యింటిలోనే ఉండనిండు. చేతి ఫోనుతో ప్రతి పుటకు ఛాయ తీసి, ఎవరిది, ఏ యూరిది అని వ్రాసి, ఒక నకలు మన సంఘమునకు పంపుడు. వృద్ధులచేత చదివించి, పిల్లలచేత తేట తెలుగున వ్రాయింపుడు. రాబోవు ఉగాదికి ఇల్లు దులుపునపుడు అటక మీది కట్టను పారవేయక ముందు ఒక్కసారి విప్పి చూడుడు.