నీటి దీపము – మరమ్మతు విద్య

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలంటారు. ఆ దీపమే వెలగకపోతే ఏమి చేయవలెనో మాత్రం మన చదువులు చెప్పడం లేదు. నీటిలో వాడే దీపపు స్విచ్‌ను గురించి కళాశాల పత్రికలో వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మనది నీటి సీమ. కృష్ణా, గోదావరి కాలువలు మన ఏలూరులో కలుస్తున్నవి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో పడుచున్నవి. ఆ నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రము చేరుచున్నది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద, కొల్లేటి లంక గ్రామాల దారులను కూడా ముంచెత్తినది. చేపల చెరువు గట్టున రాత్రి కాపలా కాసేవానికి, కాలువలో గల్లంతైన మనిషి కోసం మునిగే గజ ఈతగానికి చేతిదీపము అలంకారము కాదు, ప్రాణాధారము.

ఇట్టి దీపము ఆరిపోయినప్పుడు మొదట అనుమానించవలసినది స్విచ్‌ను. బయట నొక్కిన మీట లోపల పని చేయవలెనంటే దీపపు గోడకు రంధ్రము ఉండక తప్పదు. ఆ రంధ్రమును ఓ-రింగు అనే చిన్న రబ్బరు వలయము కాపాడుతుంది. దానిపై ఇసుక రేణువు గాని, వెండ్రుక గాని పడినా, అది ఎండి పగిలినా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనము చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది. కొల్లేరు అంత లోతైనది కాదు. అయినా లోపలి కొనలు చిలుము పట్టడానికి కొద్దిపాటి చెమ్మ చాలు.

రంధ్రమే లేని స్విచ్ ఉన్నదా? ఉన్నది. 1936లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ రీడ్ స్విచ్‌ను కనిపెట్టినాడు. మూసిన గాజు గొట్టములో రెండు సన్నని లోహపు రేకులుంటాయి. అయస్కాంతము దగ్గరకు వస్తే అవి కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. అయస్కాంతమును దీపము వెలుపల జరిపితే చాలు, గోడకు చిల్లి అక్కరలేదు. అయితే ఈ రేకులు ఎక్కువ కరెంటును మోయలేవు. అతుక్కుపోతే దీపము ఆరనే ఆరదు. కనుక స్విచ్‌ను మార్చదలచినవారు రీడ్ చేత సంకేతము మాత్రమే ఇప్పించి, కరెంటు బరువును మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరుకు అప్పగించవలెను. వాడిన ప్రతిసారి మంచినీటితో కడగవలెను, లేకున్న బురద చేరి మీట బిగుసుకుంటుంది.

మరమ్మతు చేసిన దీపమును వెంటనే నమ్మరాదు. బ్యాటరీలు తీసి, లోపల పొడి కాగితముంచి, రాత్రంతా బకెట్టు నీటిలో ముంచి చూడవలెను. కాగితము తడిస్తే పని మళ్లీ మొదటికి వచ్చినట్లే. బ్యాటరీలున్న దీపములో నీరు చేరితే లోపల వాయువు పేరుకొని ఉండవచ్చు. దానిని ముఖమునకు ఎదురుగా విప్పరాదు.

“పాడైతే క్రొత్తది కొనవచ్చు గదా” అనేవారున్నారు. గ్యారంటీ ఉన్నంతకాలము కంపెనీవారికే ఇవ్వవలెను, కాదనము. కాని అర్ధరాత్రి, వరద నడుమ ఏ దుకాణము తెరచి ఉండును? చేతిలోని వస్తువు గుట్టు తెలిసినవాడే ఆ వేళ ధీమాగా ఉండగలడు.

మరమ్మతు అనే మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూలోను, తెలుగులోను ఒక్కటిగా వెలుగుతున్నది. మాటను పంచుకున్న మనము ఆ విద్యను ఎందుకు చిన్నచూపు చూస్తున్నాము? మనలో ఎందరి తండ్రులో మెకానిక్కులు, వెల్డర్లు, గడియారాలు బాగుచేసేవారు. వారి చేతిపనితో మన ఫీజులు కడుతున్నాము, వారి వృత్తి పేరు చెప్పడానికి మాత్రం సంకోచిస్తున్నాము. ఈ సంకోచమే చెమ్మ వలె లోపలికి చేరి మన చదువును తుప్పు పట్టిస్తున్నదని మా అభిప్రాయము.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల, ఒక సోల్డరింగు పుల్ల, ఒక మల్టీమీటరు, కొంత సిలికాన్ గ్రీజు ఉంచండి. వారానికొకసారి ఒక ఉస్తాదును పిలిచి, అధ్యాపకునికిచ్చే గౌరవముతోనే కుర్చీ వేయండి. తాడేపల్లిగూడెం నుండి, ఏలూరు పేటల నుండి, కొల్లేటి లంకల నుండి వచ్చే సోదర సోదరీమణులారా, మీ ఇండ్లలో మూలపడిన దీపములను తీసుకురండి. వచ్చే వానాకాలములోగా వాటిలో కొన్నియైనా గట్టుమీది కాపలావాని చేతిలో వెలిగితే, మన చదువుకు సార్థకత చేకూరినట్లే.