3,113 రోజుల తర్వాత...

ఊరెళ్లిన మనిషి రెండ్రోజులు ఆలస్యంగా వస్తేనే ఇంట్లోవాళ్లకి కాలూ చెయ్యీ ఆడదు. అలాంటిది, ఉద్యోగానికని వెళ్లిన కొడుకు ఎనిమిదిన్నరేళ్లు గుమ్మం తొక్కకపోతే? తీరా వచ్చేసరికి తను కట్టుకున్న సంసారమే లేకుండా పోతే? ఎవరెట్ అల్వారెజ్ జీవితంలో అదే జరిగింది. ఆ తర్వాత ఆయన ఏం చేశారన్నదే ఈ వారం ముచ్చట.

ఆ ఒక్కరోజు...

కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణంలో 1937లో పుట్టారు అల్వారెజ్. తాతలు మెక్సికో నుంచి వలస వచ్చినవాళ్లు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి 1960లో అమెరికా నౌకాదళంలో చేరారు. కాన్‌స్టెలేషన్ అనే విమానవాహక నౌక మీదినుంచి ఎ-4 స్కైహాక్ విమానం నడిపేవారు.

1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌక మీద ఉత్తర వియత్నాం పడవలు దాడి చేశాయి. 4వ తేదీ రాత్రి మళ్లీ దాడి జరిగిందన్న కబురు. ప్రతీకారంగా మర్నాడే యుద్ధవిమానాలు లేచాయి. వాటిలో అల్వారెజ్ విమానమూ ఉంది. హాన్‌గాయ్ రేవు దగ్గర దానికి తూటాలు తగిలాయి. పారాచూట్‌తో సముద్రంలోకి దూకేశారాయన. చేపల పడవలో వచ్చిన స్థానికులు పట్టుకున్నారు. ఉత్తర వియత్నాంకు చిక్కిన మొదటి అమెరికా పైలట్ ఆయనే. వయసు 26. అప్పటికి కొత్తగా పెళ్లయింది.

ఇంతా చేస్తే, ఆ రెండో దాడి అసలు జరగనే లేదని ఆ తర్వాత తేలింది!

గోడలు మాట్లాడాయి

హనోయ్‌లో ఫ్రెంచివాళ్ల కాలంనాటి హోవాలో జైలు. మొదటి ఆరు నెలలూ అక్కడ మరో అమెరికా పైలట్ లేడు. 1965 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్కరే రావడం మొదలైంది. ‘హనోయ్ హిల్టన్’ అని ఆ జైలుకి వెటకారంగా పేరు పెట్టుకున్నదీ వాళ్లే.

ఒకరితో ఒకరు మాట్లాడితే శిక్ష. అందుకే గోడల మీద వేళ్లతో తట్టి మాట్లాడుకునేవారు. పద్ధతి చాలా తేలిక. ఇంగ్లిషు అక్షరాల్లో ‘కె’ తీసేస్తే మిగిలేవి 25. వాటిని అయిదు వరసల్లో, వరసకి అయిదు చొప్పున పేర్చుకోవాలి. ముందు వరస సంఖ్య, తర్వాత ఆ వరసలో అక్షరం సంఖ్య తట్టాలి. రెండు, మూడు తడితే ‘హెచ్’. రెండు, నాలుగు తడితే ‘ఐ’. అంటే, ‘హాయ్’ అని పలకరించాలంటే పదకొండుసార్లు తట్టాలన్నమాట! ‘కె’ కావాల్సినచోట ‘సి’ వాడుకునేవారు. చిత్రహింసలు పడి గదికి తిరిగొచ్చిన మనిషికి పక్క గోడ నుంచి వినిపించే ఆ చప్పుడే ఓదార్పు.

ఆయన లోపల ఉండగానే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టాడు. ఇంట్లోనూ చాలా మారింది. సొంత చెల్లెలు యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో చేరింది. అన్న ఏ యుద్ధానికి వెళ్లి చిక్కుకున్నాడో ఆ యుద్ధాన్నే ఆపమని అడుగుతూ, అన్నని విడిపించమని పోరాడింది. భార్య మాత్రం ఎదురుచూడలేకపోయింది. విడాకులు తీసుకుంది. ఆ సంగతి జైల్లో ఉన్న ఆయనకి తెలిసింది తల్లి ఉత్తరంతో. కొడుకుకి ఆ నాలుగు ముక్కలు రాయడానికి ఆ తల్లి ఎన్నిసార్లు కలం కిందపెట్టి ఉంటుందో!

ఆ అమ్మాయిని తప్పుపట్టడం తేలికే. కానీ, ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో లేదో తెలియని మనిషి కోసం ఏళ్లకేళ్లు గడపడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ముప్పై అయిదులో మొదటిమెట్టు

1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. ముందు చిక్కినవాళ్లని ముందు వదలాలన్నది పద్ధతి. అలా ఫిబ్రవరి 12న, మొదటి బృందంలోనే బయటికొచ్చారు అల్వారెజ్. లెక్కేస్తే 3,113 రోజులు. అంతకన్నా ఎక్కువకాలం బందీగా ఉన్న అమెరికా సైనికుడు ఆ యుద్ధంలో ఇంకొక్కరే, ఫ్లాయిడ్ థాంప్సన్.

అప్పటికి అల్వారెజ్ వయసు 35. తోటివాళ్లు ఇళ్లు కట్టుకుని పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఆయన చేతిలో మాత్రం ఏమీ లేదు. అలాగని పోయిన ఏళ్లని తలచుకుంటూ కూర్చోలేదు. అదే ఏడాది అక్టోబరులో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. నౌకాదళంలోనే ఉంటూ పీజీ చేశారు. 1980లో కమాండర్ హోదాలో విరమణ తీసుకున్నారు.

అప్పటికి నలభై దాటాయి. పెన్షనుంది, పేరుంది. ఇక చాలనుకోవచ్చు. కానీ ఆయన లా చదివారు! ఒకవైపు ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు, మరోవైపు చట్టాల పుస్తకాలు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. పీస్ కోర్ అనే ప్రభుత్వ సేవాసంస్థకి ఉప సంచాలకుడయ్యారు. 1982 నుంచి 1986 వరకూ మాజీ సైనికుల ఆసుపత్రులూ పెన్షన్లూ చూసే ప్రభుత్వ సంస్థలో రెండోస్థానంలో పనిచేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషికి ఏం కావాలో ఆయనకి ఒకరు చెప్పాలా? ఆ తర్వాత సొంతంగా సంస్థ నడిపారు, పుస్తకాలు రాశారు. సలీనాస్‌లో ఓ హైస్కూలుకి ఆయన పేరే పెట్టారు.

మన ఇళ్లలోనూ వింటుంటాం... ‘ఈ వయసులో చదువేంటి’, ‘పాడైన సంసారం మళ్లీ ఏం నిలబడుతుంది’ అన్న మాటలు. ఈసారి ఎవరైనా అలా అన్నప్పుడు, ముప్పై అయిదేళ్ల వయసులో జైలు గేటు దాటి, బతుకుని అఆల నుంచి దిద్దుకున్న ఈ పైలట్ సంగతి వాళ్లకోసారి చెప్పి చూడండి.