తుంటి మార్పిడికి ముందు కొలత అడగండి

తుంటి కీలు మార్పిడి అనగానే మనవాళ్లు ఖర్చు అడుగుతారు, కొలత అడగరు. చెప్పులకే సైజు చూసుకుంటాం గదా! మామూలు ఎక్స్‌రేలో తొడ ఎముక సుమారు 15 నుంచి 20 శాతం పెద్దగా పడుతుంది. కాబట్టి తొడ పక్కనే, ఎముక ఎత్తులో, కొలత తెలిసిన వస్తువు ఉంచి తీయాలి. పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఫిల్ములో అది 32 వస్తే పెరిగింది ఎంతో తెలిసిపోతుంది. లేకుంటే కాడ లావై ఎముక పగలవచ్చు, సన్నమై వదులుకావచ్చు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి ఎముక గట్టిపడినా పెళుసుగా ఉంటుంది, లోపలి గొట్టం ఇరుకవుతుంది. షాద్‌నగర్ నుంచి హైదరాబాదు వెళ్లేవారు ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. సీటీ స్కాను అందరికీ అక్కరలేదనే నా అభిప్రాయం. ఎముక వంకరపోయినవారికి మాత్రం ఆ ఖర్చు దండుగ కాదు. పాత ఫిల్ములు మడత పెట్టకండి.