వరద బండి ఊళ్లోనే ఉంది – లేనిది సరంజామా, హామీ

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండవది. 53కి మూడవది. ఈ అంకెలు ఆ చుట్టుపక్కల పశువుల కాపరికి కూడా కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. ఆ జూలైలో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల జనం గుట్టలెక్కి టార్పాలిన్ పట్టాల కింద తలదాచుకొన్నారు. పోలవరం ముంపులో పోయే ఊళ్లని ఎన్నో ఏళ్ల ముందే కాగితం మీద రాసిపెట్టిన ఊళ్లే అవి. పునరావాసం పూర్తికాక ముందే వరద వచ్చిపడింది.

ఆ జనం గుట్టదాకా ఎలా చేరారు? కొందరు పడవల మీద, కొందరు కాలినడకన, కొందరు ట్రాక్టరు తొట్టెల్లో. ముసలివాళ్లు, బాలింతలు, బియ్యం బస్తాలు, కోళ్ల గంపలు అన్నీ ఆ తొట్టిలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ ఇదే చూశాం. నడి పట్నంలో కార్లు నీళ్లలో మునిగి ఉంటే, పొలంలో దమ్ము చేసే ట్రాక్టర్లు వచ్చి మనుషుల్ని, మంచినీళ్లను, అన్నం పొట్లాలను మోశాయి.

అయినా ఆపదకు బండి అనగానే మన పాలకులకు జీపే గుర్తుకొస్తుంది. ఆఫీసుకో కొత్త జీపు కొంటే సన్నద్ధత అయిపోయినట్టే లెక్క. పట్నాల్లో డబ్బున్నవాళ్లు కూడా ఆపదకు పనికొస్తుందని ఎత్తు చక్రాల బండ్లు కొంటున్నారు. కొనుక్కోనివ్వండి, మనకు అభ్యంతరం లేదు. కాని పల్లెకు ఏ బండి కావాలి, దాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి అన్నది రైతులు, కూలీలు కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

జీపా, ట్రాక్టరా?

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు మంచి బండే. రాళ్ల దారిలో, ఘాటు రోడ్డులో, రోగిని తొందరగా ఆస్పత్రికి చేర్చడంలో దానికి సాటి లేదు. కాని ఖరీదు పది లక్షలకు పైమాటే. ఎక్కేది నలుగురైదుగురు. థార్, గూర్ఖా వంటివి 650 నుంచి 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలవని వాటిని తయారుచేసేవాళ్లే చెబుతారు. అంటే రెండడుగుల పైచిలుకు. పైగా ఏడాదిలో మూడొందల అరవై రోజులు దానికి ఊళ్లో పని ఉండదు. వాడని బండికి బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు బీటలిస్తాయి. తీరా వరద వచ్చిన రోజున స్టార్టు కాదు.

ట్రాక్టరు అలా కాదు. రోజూ పనిలో ఉండే బండి. వెనుక చక్రం నాలుగడుగుల ఎత్తు. డీజిలు ఇంజను కాబట్టి పెట్రోలు బండిలాగా ప్లగ్గు తడిసి ఆగిపోదు. పొగగొట్టం నిలువుగా బానెట్టు పైకి ఉంటుంది. తొట్టిలో పదిహేను ఇరవై మంది కింద కూర్చుని రావచ్చు. అన్నిటికీ మించి, దాన్ని తోలేవాడు ఊరివాడే. ఏ మలుపులో గుంట ఉందో, ఏ తూము దగ్గర మట్టి జారిపోతుందో వాడికి తెలుసు. కొత్తగా కొనేవాళ్లు నాలుగు చక్రాల డ్రైవు ఉన్న రకం ఎంచుకొంటే బురదలో మేలు. ఉన్న పాత బండికి దమ్ము చక్రాలు ఉండనే ఉన్నాయి. తారు రోడ్డెక్కే ముందు వాటిని విప్పాలి, అంతే తేడా.

నిలవ నీరు వేరు, పారే నీరు వేరు

ట్రాక్టరు ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ దింపితే అదే శవపేటిక అవుతుంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని ఊళ్లలోకి మెల్లగా ఎక్కుతుంది. అది నిలవ నీరు. అందులో ట్రాక్టరు నడుస్తుంది. కాని కొండమీద వాన కురిసి సోకిలేరులాంటి వాగు పొంగితే అది పారే నీరు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే పెద్ద బండ్లనూ లాక్కుపోతుంది. తొట్టి అడ్డంగా ప్రవాహానికి తగిలితే ట్రాక్టరును కూడా ఈడ్చుకుపోతుంది. కాబట్టి పారే వాగులో ఏ బండినీ దింపకూడదు. ఎవరు తొందరపెట్టినా సరే, చివరికి అధికారి చెప్పినా సరే, దింపకూడదు.

నిలవ నీళ్లలోనూ నియమం ఉంది. ముందు ఒక మనిషి నడుముకు మోకు కట్టుకొని, అడుగుకో గీత గీసిన వెదురు గడతో లోతు చూడాలి. నీరు రేడియేటరు ఫ్యానును తాకకూడదు. తాకితే రెక్కలు వంగి రేడియేటరును చీలుస్తాయి. మొదటి గేరులో, ఒకే వేగంతో, మధ్యలో క్లచ్ తొక్కకుండా పోవాలి. గాలి పీల్చే ఎయిర్ క్లీనరులోకి నీరు పోయిందా, ఇంజను లోపల కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయొద్దు. మోకు కట్టి బయటికి లాగించండి. లాగేటప్పుడు మోకును వెనుక ఇరుసుకన్నా కిందనున్న డ్రాబారుకే కట్టాలి. పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదకే తిరగబడుతుంది. ఇంటికొచ్చాక గేరుబాక్సు, ఇరుసు నూనెలు చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. వెంటనే మార్చాలి, చక్రాలకు గ్రీజు కొట్టాలి.

తొట్టిలో ఏముండాలి?

బండి ఉంటే సరిపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. రోడ్ల మీద చెట్లు పడి సహాయం తెచ్చే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముందు కావలసింది అన్నం పొట్లం కాదు, చెట్టు కోసే యంత్ర రంపం. అందుచేత ఊరికో పెట్టె ఉండాలి. అందులో వంద అడుగుల నైలాన్ మోకులు రెండు, ఇనుప గొలుసు, గొడ్డళ్లు, గునపం, పార, యంత్ర రంపం, జాకీ, బురదలో జాకీ కింద వేసే మందపాటి చెక్క ఉండాలి. ఒక ఫ్యాను బెల్టు, డీజిలు ఫిల్టరు, తొట్టి పిన్ను, ఇంజనాయిలు, గ్రీజు గన్ను ఎక్కువగా పెట్టుకోవాలి. కరెంటు పోతే బంకులో పంపు కూడా పనిచేయదు కాబట్టి ఇరవై లీటర్ల డీజిలు డబ్బాలు రెండు ముందే నింపి, జనానికి దూరంగా నీడలో ఉంచాలి. తేలే జాకెట్లు, అవి చాలకపోతే గాలి నింపిన ట్యూబులు. బ్యాటరీ లైట్లు, ఈలలు, మంచినీళ్ల డబ్బాలు. ముసలమ్మలు తొట్టి ఎక్కడానికి ఒక చెక్క నిచ్చెన. చిన్న వస్తువే, కాని అది లేక ఎంతమంది నడుములు పట్టేశాయో ఆ ఊళ్ల ఆడవాళ్లను అడగండి.

మరొక మాట. ఎవరు ముందు ఎక్కాలి? పల్లంలో ఉన్న దళితవాడలు, వాగు ఒడ్డున ఉన్న గూడేలు ముందు మునుగుతాయి. ట్రాక్టరు ఉన్నది మెరక మీది ఇళ్లవాళ్లకు. బండి గలవాడి చుట్టాలు, వాళ్ల సామాను ముందు ఎక్కితే, పల్లంవాళ్లు ఆఖరికి మిగిలిపోతారు. కాబట్టి ఏ వాడకు ఏ బండి, ఎవరు ముందు అన్నది ఎండాకాలంలోనే గ్రామసభలో రాసిపెట్టుకోవాలి. 43కి డీజిలు నింపడం, 48కి పల్లంవాళ్లను తరలించడం, 53 కాకముందే బండి గుట్టెక్కడం. మీ ఊరి దారి ఎన్ని అడుగులకు మునుగుతుందో పెద్దవాళ్లను అడిగి ఈ లెక్కను మీకు తగ్గట్టు దిద్దుకోండి.

నష్టం ఎవరి నెత్తిన?

గోదావరి ఒడ్డున ఒక రైతు నాతో అన్న మాట ఇది: "వరదకి నాలుగు రోజులు బండి తోలానండీ. ఇంజన్లోకి నీళ్లెళ్లి పాడైంది. ఆఫీసుకెళ్తే, మేం పిలిచినట్టు కాయితం ఉందా అన్నారు. జనం మునిగిపోతుంటే కాయితం ఎవడడుగుతాడండీ? బ్యాంకోళ్లు మాత్రం కిస్తీ అడిగారు."

చట్టం ఏమంటోంది? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షను ప్రకారం రక్షణ పనులకు ఎవరి బండినైనా అధికారులు లిఖితపూర్వక ఉత్తర్వుతో తీసుకోవచ్చు. 66వ సెక్షను ప్రకారం ఆ ప్రాంతంలో నడిచే కిరాయి రేట్లను బట్టి యజమానికి పరిహారం ఇవ్వాలి. కాని వరద రాత్రి నోటిమాటగా "పంపించు" అంటారు, ఉత్తర్వు రాయరు. రాతలేని పనికి కిరాయి రాదు. పైగా చట్టం చెప్పేది కిరాయి గురించే గాని, చెడిపోయిన ఇంజను గురించి కాదు. వ్యవసాయానికని చేసిన ట్రాక్టరు ఇన్సూరెన్సు తొట్టిలో ఎక్కిన జనానికి వర్తించదు. ఏదైనా ప్రమాదం జరిగితే, ప్రాణాలు కాపాడబోయిన రైతే ముద్దాయి! ఇది ఏం న్యాయం?

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం యంత్ర సేవా పథకం కింద రైతు బృందాలకు 40 శాతం సబ్సిడీతో ట్రాక్టర్లు ఇచ్చింది. ఆ మరుసటి నెలలోనే గోదావరి వచ్చింది. ఇలా ప్రజల సొమ్ముతో వచ్చిన బండ్లు ఉన్నచోట వాటితోనే మొదలుపెట్టవచ్చు కదా? కొత్త బండి కొనక్కర్లేదు. ఆ విపత్తు చట్టమే జిల్లాకో నిధి ఉండాలని చెబుతోంది. దాన్నుంచి ఊరికో పెట్టె సామాను కొనడం ఏమంత భారం?

కాబట్టి వరద, తుపాను దెబ్బ తగిలే ప్రతి ఊళ్లో రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి నాలుగు కోర్కెలు పెట్టాలి. వానాకాలానికి ముందే ఊరి ట్రాక్టర్లను, డ్రైవర్లను నమోదుచేసి, హెచ్చరిక వెలువడగానే అమలయ్యే ఉత్తర్వు కాగితం వాళ్ల చేతికివ్వాలి. పెట్టె సామాను ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. కిరాయి, డ్రైవరు కూలి, డీజిలుతోపాటు మరమ్మతు ఖర్చు కూడా చెల్లించాలి. డ్రైవరుకు, ఎక్కినవాళ్లకు ఆ రోజులకు ప్రభుత్వమే బీమా చేయాలి.

ట్రాక్టరు పునరావాసానికి బదులు కాదు. ముంపు ఊళ్లకు భూమి, ఇల్లు ఇచ్చి మెరకకు చేర్చడమే అసలు రక్షణ. ఆ పోరాటం ఆగరాదు. కాని వచ్చే వానాకాలం మన పోరాటం ముగిసేదాకా ఆగదు. ఈ ఎండల్లోనే మీ గ్రామసభ పిలవండి. బండ్లు లెక్కపెట్టండి, మోకులు తడిమి చూడండి, కాగితం అడగండి.