పూతకాలమున అమ్మరాని మందు

ప్రొద్దుతిరుగుడు పూతకు వచ్చినపుడు చేతికి మెత్తని గుడ్డ చుట్టుకొని, ఉదయము 8 మొదలు 11 గంటల లోపల, దినము విడిచి దినము ప్రతి పూవును మెల్లగా రుద్దవలెనని మావంటి డిమాన్‌స్ట్రేటరులము రైతులకు చెప్పుచుందుము. ఈ పని యెందులకు? ఒక మొక్క పుప్పొడి వేరొక మొక్క పూవునకు చేరనిదే ఈ పైరున గింజ చక్కగా కట్టదు. ఈ పనినే కూలి యడుగక చేయునది తేనెటీగ. దాని పనివేళయు ముఖ్యముగా ఉదయపు ఆ గంటలే. చేనిలో ఈగలు ఆడుచుండిన పూవు నడిమివరకు గింజ నిండును. లేనిచో నడుమ తాలు మిగులును. తాలు చూచిన రైతు మరల మందుల దుకాణమునకే పోవును. అచ్చట బోరాక్సు పొట్లము చేతికి వచ్చును. ఆ లోపమున్న నేలలకు బోరాక్సు అవసరమే. కాని ఈగ చేయవలసిన పనిని బోరాక్సు చేయజాలదు.

ఈగ యెందుకు రాలేదని మాత్రము దుకాణమున ఎవరును అడుగరు.

నేడు పల్లెలలో పైరునకు వైద్యుడు మందులమ్మువాడే. అతనికి శాస్త్రజ్ఞానము కలిగించుటకై హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ఒక సంవత్సరపు డిప్లొమా చదువును ఆరంభించినది. అది మంచి పనియే. ఐనను చిక్కంతయు అజ్ఞానమున లేదు, అప్పులో ఉన్నది. పద్దు వ్రాసుకొని సరకిచ్చువాడు ఏ సీసా చూపిన దానిని కాదనుట రైతునకు సాధ్యమా? సీసాపైనున్న త్రికోణపు రంగును చూచి కొందరు ధైర్యపడుదురు. ఆ ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు మనుష్యులకును పశువులకును గల అపాయమును తెలుపునవి. ఈగ సంగతి వానిలో లేదు. ఆకుపచ్చ గుర్తున్న మందు సైతము ఈగకు విషము కావచ్చును. ఆ హెచ్చరిక ఉన్నచో లోపలి కాగితమున చీమతలలంత అక్షరములలో ఉండును. దానిని చదివిన రైతును నేను అరుదుగా చూచితిని.

ఇమిడాక్లోప్రిడ్ అను మందు నేడు చిన్న దుకాణములలో సైతము దొరకును. ఒక గ్రామును 20 కోట్ల భాగములు చేసినచో, అందొక భాగము లోనికి పోయిన ఈగ బ్రదుకుట సందేహమే. ఇంతకంటె తక్కువ మోతాదును హానికరమే. 2012లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఈగల వీపున సూక్ష్మమైన గుర్తులు అంటించి, ఇదే జాతికి చెందిన థయామెథాక్సామును చావని మోతాదున త్రాగించి విడిచిరి. వానిలో అనేకములు దారి తప్పి తమ పెట్టెకు తిరిగి రాలేదు. ఇట్టి ఈగల శవములు మనకు కనబడవు. గూడు మాత్రము నానాటికి పలుచబడును. ఆ దేశమువారు 1999లోనే ప్రొద్దుతిరుగుడు విత్తనమునకు ఇమిడాక్లోప్రిడ్ పట్టించుటను ఆపివేసిరి. ఐరోపా సంఘము ఈ జాతి మందులు మూడింటిని 2013లో కొంతవరకును, 2018లో ఆరుబయట పైర్లపై పూర్తిగను నిషేధించినది. మన దేశమున వీని అమ్మకము నేరము కాదు. కావున చట్టము వచ్చువరకు వేచియుండవలెనా యనునది ప్రశ్న.

వేచియుండనక్కర లేదని నా అభిప్రాయము. ఇంగ్లండులో 2013 ఆరంభమున, ఐరోపా కట్టుబాటు అమలునకు రాకమునుపే, కొన్ని పెద్ద దుకాణములు ఈ మందులను తమ అరలనుండి తీసివేసినవి. పరుల లాభమునకై నడచు దుకాణములు చేయగలిగిన పనిని, రైతులే యజమానులైన మన సంఘముల దుకాణములు చేయలేవా? పూతకాలమున మందు అడుగవచ్చిన సభ్యుని “పైరేది? పూవు విచ్చినదా?” యని అడిగి, విచ్చినచో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సాం, డైమిథోయేట్, క్వినాల్‌ఫాస్ వంటివి ఇవ్వక, అడిగిన సంగతిని బిల్లుపై వ్రాయవలెను.

“సభ్యుడు పట్టణమునకు పోయి కొనితెచ్చుకొనును, సంఘమునకు కమీషను పోవును” అని కార్యదర్శులు చెప్పుదురు. కొంత కమీషను పోవుట నిజమే. కాని ఆ కమీషను ఎవరిది? చేనిలో తాలు మిగిలిన సభ్యునిదే గదా. ఇంకొక సంగతి గలదు. ఈగకు గట్లు తెలియవు. పుట్టతేనెటీగ కిలోమీటరు దూరమైనను పోయి మేత తెచ్చును. ఒకరు చల్లిన మందు పదిమంది చేలకు పనిచేయు ఈగలను చంపును. ఒంటరి రైతు ఎంత మంచివాడైనను దీనిని ఆపజాలడు. ఊరంతయు కలసి కట్టుబడవలసిన పని కనుకనే సంఘమును అడుగుచున్నాను.

పూవు తినెడి పచ్చపురుగు పడినపుడు చేతులు ముడుచుకొని కూర్చుండుమని నేననను. పురుగులను ఏరివేయుట, పక్షులు వ్రాలుటకు కొయ్యలు నాటుట, వేపగింజల కషాయము, ఎన్.పి.వి. వైరసు ద్రావణము మొదట ప్రయత్నింపవలెను; ఈ ద్రావణమును దుకాణమున సిద్ధముగ నుంచుట సంఘము విధి. అప్పటికిని లొంగక మందు కొట్టక తప్పనిచో, ఈగలు గూటికి చేరిన పిదప సాయంకాలమున కొట్టవలెను. పొడిమందు చల్లనే కూడదు. సమీపమున తేనెపెట్టెలు ఉన్నచో వాని యజమానికి ముందుదినమే కబురంపవలెను. ఐతే సాయంకాలపు పిచికారితో దోషమంతయు తీరదు. కొన్ని మందులు మరునాటికిని పూవుపై నిలుచును, కొన్ని మొక్కలోనికి ఎక్కి మకరందమున తేలును.

విత్తనమునకు పట్టించు మందు విషయమున నేనంత పట్టుపట్టను. అదియు స్వల్పముగ పుప్పొడిలోనికి వచ్చును. కాని తామరపురుగుల వలన వ్యాపించు నెక్రోసిస్ తెగులుతో పైరును పోగొట్టుకొన్నవారికి దానిని మానుమని చెప్పుట కష్టము. వారు చేనిచుట్టు వయ్యారిభామ మొక్కను పూతకు రాకమునుపే పెరికివేసినచో మందు అక్కర కొంత తగ్గును. పిచికారి మాట వేరు. అందు సడలింపు కూడదు.

రాబోవు మహాజనసభ కార్యక్రమములో ఈ సంగతిని చేర్చుమని సభ్యులు తమ తమ కార్యదర్శులకు వ్రాతమూలముగ తెలుపవలెను. యాసంగి సరకునకు దుకాణమువారు ఆర్డరు పంపకమునుపే తీర్మానము జరుగవలెను. సీసాలు అరలోనికి చేరిన పిమ్మట వానిని అమ్మవలదనుటకు ఏ పాలకవర్గమును ఒప్పుకొనదు.