చేతులు పెక్కయినను ఆలోచన ఒక్కటి కావలెను

మా వెంకటాచలము రైల్వే స్టేషనులో కొంతసేపు నిలిచి చూచువారికి ఒక సంగతి కనబడును. గూడూరు నుండి నెల్లూరు పోవు పెద్దమార్గము నుండి ఒక పాయ విడివడి తూర్పుగా కృష్ణపట్నము ఓడరేవునకు పోవుచున్నది. బొగ్గు నింపిన గూడ్సుబండ్లు ఆ దారిని వచ్చిపోవుచుండును. ఆ పట్టాల చివర సముద్రమున్నది. తీరము వెంబడి దక్షిణముగా పోయినచో, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, 1980 జులై 18న మన దేశపు తొలి ఉపగ్రహ వాహకనౌక యస్.యల్.వి.–3 విజయవంతముగా ఎగసిన శ్రీహరికోట ఉన్నది. ఇంతటి విలువైన తీరమునకు కాపలా ఎవరిది? ఈ ప్రశ్న విద్యార్థులమైన మాకు కలిగినది. జవాబు వెదకగా మరింత పెద్ద ప్రశ్న ఎదురైనది.

లోతు సముద్రములో నౌకాదళము. దాని ఈవల తీరరక్షక దళము. ఈ రెండును రక్షణ మంత్రిత్వశాఖ క్రిందివి. ఒడ్డునకు చేరువగా మెరైను పోలీసులు. వారు రాష్ట్ర హోంశాఖవారు. రేవులో కస్టమ్సు అధికారులు, వారు ఆర్థికశాఖవారు. పడవల నమోదు రాష్ట్ర మత్స్యశాఖ పని. శ్రీహరికోట కాపలా కేంద్ర హోంశాఖకు చెందిన పారిశ్రామిక భద్రతాదళము చేతిలోనిది. అక్కడి కేంద్రము మాత్రము అంతరిక్షశాఖది. అందరును కర్తవ్యపరులే. కాని "పదిమందిలో పాము చావదు" అని మన పెద్దలు ఊరక అనలేదు. ఎవరి కర్ర వారు పట్టుకొని, మరియొకరు కొట్టుదురులే అని ఊరకున్నచో పాము పుట్టలోనికి పోవును.

ఒక్క తీరము మాట ఇట్లుండగా, యావద్దేశ రక్షణ మాట ఎట్లుండవలెను? స్వాతంత్ర్యము వచ్చిన 1947లో లార్డు ఇస్మే సలహాపై మన రక్షణ నిర్ణయవ్యవస్థ రూపొందినది. మంత్రివర్గ రక్షణసంఘము, దాని క్రింద మూడు దళముల అధిపతుల సంఘము ఏర్పడినవి. 2020కి ముందు ఆ అధిపతుల సంఘమునకు ముగ్గురిలో సీనియరు అధ్యక్షత వహించెడివారు. ఆయన పదవీ విరమణ చేయగానే ఆ కుర్చీ మరియొకరికి పోయెడిది. తన దళపు బరువు మోయుచునే ఈ రెండవ బరువును మోయవలసి వచ్చెడిది. కొందరికి ఆ కుర్చీ కొద్ది నెలలే దక్కెడిది. అట్టివారు దీర్ఘకాలపు ఆలోచన ఏమి చేయగలిగెడివారు?

ఈ లోపము ఫలితము 1962లో తెలిసినది. చైనాతో యుద్ధము జరిగిన ఆ నెలరోజులలో మన వైమానికదళమును దాడికి వినియోగించనేలేదు. 1971లో మాత్రము మూడు దళములు ఏకముగా నడచి తూర్పు బంగాళమును విముక్తము చేసినవి. ఆ ఐక్యత అప్పటి నాయకుల, సేనాధిపతుల పరస్పర విశ్వాసము వలన కలిగినది. మనుషుల మంచితనముపై నిలిచిన ఏర్పాటు మనుషులు మారగానే మారును. వ్యవస్థపై నిలిచినది మాత్రమే కాలమునకు నిలుచును.

1998 నవంబరులో జాతీయ భద్రతామండలి ఏర్పడినది. ఆరు నెలలైనను గడువకమునుపే, 1999 మే నెలలో, కార్గిల్ శిఖరములపై శత్రువు తిష్ఠవేసిన సంగతి బయటపడినది. యుద్ధము ముగిసినంతనే ప్రభుత్వము కె. సుబ్రహ్మణ్యము అధ్యక్షతన సమీక్షాసంఘమును నియమించినది. సమాచారము సేకరించు సంస్థలు అనేకమున్నను, వారు తెచ్చిన ముక్కలను ఒకచోట కూర్చి, ఇదీ వీని అర్థము అని చెప్పు ఏర్పాటు సరిగా లేదని ఆ సంఘము తేల్చినది. ఇస్మేనాటి చట్రము అర్ధశతాబ్దమునకు పైగా పెద్దగా మారలేదనియు ఎత్తిచూపినది. ఆ నివేదికపై 2000లో మంత్రుల బృందము ఏర్పడి, మరుసటి ఏట తన సిఫారసులను సమర్పించినది. అండమాన్–నికోబారులో మూడు దళముల ఉమ్మడి కమాండు, ఢిల్లీలో సమీకృత రక్షణ సిబ్బంది విభాగము, రక్షణ గూఢచార సంస్థ ఏర్పడినవి. ఇవి మెచ్చదగినవే.

అయితే ఆ బృందము కోరిన ముఖ్యమైన పదవి, అనగా త్రివిధ దళముల ప్రధానాధిపతి పదవి, ఏర్పడుటకు 2020 జనవరి 1వ తేదీ వరకు పట్టినది. ఇల్లు కట్టి, దూలము ఎత్తుటకు పంతొమ్మిదేండ్లు ఆలోచించినట్లయినది. ఆ పదవిని మొదట అలంకరించిన జనరల్ బిపిన్ రావత్ 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద హెలికాప్టరు ప్రమాదములో దుర్మరణము చెందిరి. పిమ్మట తొమ్మిది నెలలకు పైగా, 2022 సెప్టెంబరు 30 వరకు, ఆ కుర్చీ ఖాళీగా ఉండెను. అంత అవసరమని చెప్పి సృష్టించిన పదవిని అంతకాలము ఖాళీగా ఉంచుట మాకు వింతగా తోచుచున్నది.

ఈ జాప్యమునకు కారణములు లేకపోలేదు. చిన్నదళములకు పదాతిదళము తమను మింగివేయునను జంకు కలదు. సచివాలయ అధికారులకు తమ పెత్తనము తగ్గునను శంక కలదు. అన్నిటికంటె పెద్దది రాజకీయ నాయకుల భయము: ఒక్క సేనాని చేతిలో ఇంత బలము చేర్చవచ్చునా? ఈ భయమును మేము పరిహసింపము. పొరుగుననున్న పాకిస్తానులో 1958లోను, 1977లోను, 1999లోను సేనానులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. మన సైన్యము ఎన్నడును ఆ దారి తొక్కలేదు. అది మన ప్రజాస్వామ్యపు గౌరవము. దానిని చెడగొట్టు సంస్కరణ సంస్కరణ కాదు.

కాని సలహాను ఏకము చేయుట వేరు, అధికారమును ఒకచోట పోయుట వేరు. ఉర్దూలో మష్వరా అన్నను, తెలుగులో మంతనము అన్నను అర్థమొక్కటే: పలువురు చెప్పినది విని, ఒకరు బాధ్యతతో నిర్ణయించుట. అమెరికావారు తమ భద్రతామండలిని 1947లో చట్టము ద్వారా ఏర్పరచుకొనిరి. 1980లో ఇరానులోని బందీలను విడిపింపబోయి, దళముల పొందిక చాలక, ఎనిమిదిమంది సైనికులను పోగొట్టుకొనిరి. అట్టి అనుభవముల పిమ్మట 1986లో మరియొక చట్టము చేసి దళములను ఒక త్రాటిపైకి తెచ్చిరి. మన భద్రతామండలి మాత్రము ప్రభుత్వ ఉత్తర్వుపై ఏర్పడినదే కాని చట్టముపై కాదు. జాతీయ భద్రతా సలహాదారు ప్రధానమంత్రికి జవాబుదారియే గాని పార్లమెంటుకు నేరుగా జవాబుదారి కాడు. దానికొక చట్టము ఉండవలెననియు, రహస్యములను కాపాడుచునే, 1993 నుండి పనిచేయుచున్న పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము ఎదుట ఏటేట లెక్క చెప్పవలెననియు మా అభిప్రాయము. పదవి ఖాళీ అయినచో ఇన్ని దినములలో నింపవలెనను నియమమును అందు చేర్చవలెను.

ఇక మా తీరము మాట. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసినవారు సముద్రముపై వచ్చిరి. మన జాలరుల పడవనే అపహరించి అందులో వచ్చిరి. 166 మంది ప్రాణములు పోయినవి. ఆ పిమ్మట సముద్ర భద్రతకు మొత్తము బాధ్యతను నౌకాదళమునకు అప్పగించిరి. విశాఖపట్నముతో కూడ నాలుగుచోట్ల ఉమ్మడి కేంద్రములు వెలసినవి. 2022లో జాతీయ సముద్ర భద్రతా సమన్వయకర్తను నియమించిరి. పైన పొందిక కుదిరినది. క్రింద కుదిరినదా అన్నది మా సందేహము. సుమారు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరములో తెల్లవారకముందే సముద్రమును చూచువాడు జాలరి. క్రొత్త పడవను, క్రొత్త ముఖమును మొదట గుర్తుపట్టువాడు అతడే. అతనికి గుర్తింపుకార్డు ఇచ్చితిమి, పడవకు సంఖ్య వేసితిమి, తనిఖీలు చేసితిమి. అతడు చూచినది ఎవరికి చెప్పవలెనో, చెప్పినది ఢిల్లీవరకు ఏ దారిని పోవునో అతని భాషలో అతనికి తెలియజెప్పితిమా? జాలరిని అనుమానితునిగా కాక సహచరునిగా చూచిననాడే ఆ గొలుసు పూర్తియగును. గొలుసు బలము దాని చివరి కొక్కెముపై ఆధారపడియుండును గదా!

ఇవి పెద్దల విషయములు, విద్యార్థులకేల అని కొందరు అనవచ్చును. శ్రీకాకుళము జిల్లాలో పుట్టిన కె.వి. కృష్ణారావుగారు 1975లో సైన్య పునర్వ్యవస్థీకరణపై నిపుణుల సంఘమునకు అధ్యక్షత వహించి, 1981లో దేశ సైన్యాధిపతి అయిరి. రామేశ్వరపు సామాన్య కుటుంబములో పుట్టిన అబ్దుల్ కలాముగారు మన తీరముననే ఆ రాకెట్టును ఎగురవేయించి, పిదప రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేసిరి. అబ్దుల్ హమీదు 1965లో ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందెను. ప్రాణమిచ్చువారిలో, విజ్ఞానమిచ్చువారిలో అన్ని వర్గములవారున్నప్పుడు, ఆలోచన చెప్పువారిలోను అందరును ఉండవలెను. మా కళాశాల గ్రంథాలయములో దేశరక్షణపై ఒక అర అయినను ఏర్పరచుమని, ఏటికొక చర్చాగోష్ఠిని రెండు భాషలలోను నడుపుమని కళాశాల సంఘమువారిని సవినయముగా కోరుచున్నాము.

రైలుపట్టాలు రెండును వేరు వేరుగనే సాగును. వానిని పట్టి ఉంచు స్లీపరు ఊడినచో మాత్రము బండి నిలువదు. దేశరక్షణలో సమన్వయము అట్టిది. పైకి కనబడదు, లేనినాడు మాత్రము అందరికిని తెలియును. ఆనాడు తెలిసికొనుటకంటె నేడే ఆలోచించుట మేలు.